మదర్‌బోర్డు పోతే లైసెన్సూ పోయినట్టేనా? యూనిక్స్, లినక్స్ సర్వర్ల హోస్ట్ ఐడీ గొడవ

#1 ల్యాబ్ మాస్టారు

అందరికీ నమస్కారం. నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ డిపార్ట్‌మెంట్ వాణ్ని, వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) ల్యాబు బాధ్యత నాదే. మా లైసెన్సు సర్వర్ మదర్‌బోర్డు కరెంటు హెచ్చుతగ్గులకి కాలిపోయింది. డిస్కుకి ఏమీ కాలేదు, తీసి ఇంకో మెషీన్‌లో పెడితే లినక్స్ చక్కగా బూటయింది, టూల్ లైసెన్సులు పంచే ప్రోగ్రాం, అదే లైసెన్సు మేనేజరూ లేచింది. తీరా స్టూడెంట్ సిస్టమ్‌లో టూల్ తెరిస్తే ఎర్రర్ -9, ఇన్‌వాలిడ్ హోస్ట్. లైసెన్సు ఫైల్లో ‘సర్వర్’ అనే లైన్లో హోస్ట్ ఐడీగా, అంటే లైసెన్సు ఏ మెషీన్‌కి ఇచ్చారో చెప్పే నంబరుగా, పాత బోర్డు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ పోర్టుకి ఉండే సొంత నంబరు) ఉంది కాబట్టే ఇలా అంటోందని తెలిసింది.

డీలర్‌కి ఫోన్ చేస్తే "మీ ఏఎంసీ అయిపోయింది సర్, రీహోస్ట్ కావాలంటే ముందు రెన్యూవల్‌కి పీఓ పంపండి" అంటున్నాడు. ఏఎంసీ అంటే ఏటా కట్టే నిర్వహణ ఒప్పందం, రీహోస్ట్ అంటే లైసెన్సుని కొత్త మెషీన్‌కి మార్చి ఇవ్వడం, పీఓ అంటే కొనుగోలు ఆర్డరు. మేం కొన్నది పర్పెచువల్ (గడువు లేని) లైసెన్సు, ఇన్‌వాయిస్‌లోనే అలా రాసుంది. కొనుక్కున్నదాన్ని వాడుకోవడానికి మళ్ళీ డబ్బు కట్టడమేంటి? మా కాలేజీలో పీఓ అంటే కొటేషన్లు, కమిటీ, సంతకాలు, ఆ ఫైలు కదిలేసరికి ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్స్ అయిపోతాయి. మా జూనియర్ ఒకడు "కొత్త మెషీన్‌కి పాత మ్యాక్ అడ్రస్ పెట్టేద్దాం సర్, ఒక్క కమాండ్" అంటున్నాడు. పట్టుబడతామన్న భయంతో అడగడం లేదు. అది చేయదగ్గ పనేనా అన్నది తేల్చుకోవాలి.

#2 కొండాపూర్ క్యాడ్

మాస్టారూ, ముందు ఆ లైసెన్సు ఫైలు ఎక్కడున్నది అక్కడ కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి, తర్వాతే ఏదైనా. ఆ ఫైల్లో మీరు దిద్దుకోదగ్గవి సాధారణంగా మూడే: సర్వర్ పేరు, పోర్టు నంబరు, వెండర్ డీమన్ (వెనకాల నడుస్తూ ఆ కంపెనీ టూల్స్ లైసెన్సులు చూసే ప్రోగ్రాం) ఉన్న పాత్. హోస్ట్ ఐడీ, గడువు తేదీ, ఎంతమందికి అన్న లెక్క, ఇవన్నీ కలిపి ఆ కిందనున్న సంతకం లెక్కగడుతుంది. హోస్ట్ ఐడీలో ఒక్క అంకె మార్చినా -9 పోయి -8 వస్తుంది, సంతకం సరిపోలేదని.

ఇంకో సంగతి చూడండి. కాలిపోయిన బోర్డు మీద ఉన్న పోర్టుకే లైసెన్సు ఇచ్చారా, లేక విడిగా గుచ్చిన నెట్‌వర్క్ కార్డుకా? కార్డుకే ఇచ్చి ఉంటే, ఆ కార్డు బతికుంటే, మీ కష్టం సగం తీరినట్టే. ఫైల్లో ఉన్న పన్నెండు అంకెల్ని కార్డు మీది స్టిక్కర్‌తో పోల్చి చూడండి.

డీలర్ మాటని కంపెనీ మాటగా తీసుకోకండి. కంపెనీ లైసెన్సింగ్ విభాగానికే నేరుగా మెయిల్ పెట్టండి. ఇన్‌వాయిస్ కాపీ, పాత హోస్ట్ ఐడీ, కొత్త హోస్ట్ ఐడీ, పాత మెషీన్ పాడైపోయిందని కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం. పరీక్షల తేదీ రాసి తాత్కాలిక కీ అడగండి. డీలర్ దగ్గర ఇరుక్కున్న రీహోస్టులు ఇలా కదలడం చాలాసార్లు చూశాను.

#3 రూట్ బాబాయ్

ఇంత ఆలోచన దేనికి? మ్యాక్ మార్చుకోండి, పని కానివ్వండి. డబ్బు కట్టి కొన్నారు, మెషీన్ ఒకటే నడుస్తోంది, రెండో చోట వాడటం లేదు. ఇందులో దొంగతనం ఎక్కడుంది?

#4 పాత టెర్మినల్

రూట్ బాబాయ్ గారూ, మీ కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఈ మాట మీద కొంచెం ఆగుదాం. నేను రిటైరైనవాణ్ని, బ్యాంకు బ్రాంచిల్లో ఎస్‌సీఓ యూనిక్స్ పెట్టిన రోజుల నుంచి ఈ సీరియల్ నంబర్లతో బతికినవాణ్ని.

అప్పట్లో బ్రాంచికి ఒక పీసీ సర్వరు, దానికి మల్టీపోర్టు కార్డు, దాని నుంచి కౌంటర్ల దాకా సీరియల్ కేబుళ్ళు, చివర డంబ్ టెర్మినళ్ళు (తెర, కీబోర్డు మాత్రమే ఉండేవి). ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెడుతూ పోతే ఇన్‌స్టలేషన్ మధ్యలో ఆగి సీరియల్ నంబరు, యాక్టివేషన్ కీ అడిగేది. రెండూ ఒకదానికొకటి జత, ఒకటి తప్పు కొడితే రెండోది చెల్లదు. ఆ నంబరుని సాఫ్ట్‌వేర్ మీద ముద్ర వేసినట్టు వేసేవారు, ఆ పని చేసే ప్రోగ్రాం పేరే ‘బ్రాండ్’. గమనించాల్సిందేంటంటే ఆ నంబరు మెషీన్‌ని చూసేది కాదు. మదర్‌బోర్డు పోయినా, మెషీన్ మొత్తం మార్చినా, చేతిలో ఫ్లాపీలూ ఆ కాగితమూ ఉంటే సాయంత్రానికల్లా బ్రాంచి మళ్ళీ నడిచేది.

మరి కాపీ చేస్తే ఎలా పట్టుకునేవారు? నెట్‌వర్క్ పెట్టిన చోట కాపీ ప్రొటెక్షన్ డీమన్ ఒకటి వెనకాల నడిచేది. అది తన సీరియల్ నంబరుని లాన్‌లోకి కేకేసి చెప్పేది, అదే నంబరుతో ఇంకో మెషీన్ కనబడితే రెండింటి కన్సోళ్ళ మీదా గోల మొదలయ్యేది. ఒకే సెట్టుతో రెండు సర్వర్లు పెట్టి, విడివిడిగా ఉన్నంత కాలం హాయిగా వాడుకున్న ఆఫీసులు, వాటిని ఒక హబ్బుకి కలిపిన రోజు దొరికిపోయేవి. ఇదొక్కటే కాక యూజర్ల లెక్క కూడా ఉండేది. ఇద్దరి లైసెన్సు ఉంటే మూడో టెర్మినల్‌లో లాగిన్ కానిచ్చేది కాదు. తర్వాత వచ్చిన ఓపెన్‌సర్వర్ 5లో లైసెన్సు నంబరు, లైసెన్సు కోడు, కొన్నిటికి లైసెన్సు డేటా అని మూడో ముక్క, ఆపైన రిజిస్ట్రేషన్. ఇవన్నీ ఒక సర్టిఫికెట్ మీద అచ్చేసి పెట్టెలో పెట్టి ఇచ్చేవారు. మా దగ్గర ఆ సర్టిఫికెట్‌కి జిరాక్స్ తీసి, అసలుది లాకర్ తాళాల రిజిస్టర్‌తో పాటు స్ట్రాంగ్ రూములో పెట్టేవాళ్ళం, జిరాక్స్ సర్వర్ క్యాబినెట్ తలుపు లోపలివైపు అతికించేవాళ్ళం. ఇంజనీరు అర్ధరాత్రి వచ్చినా ఎవరినీ లేపాల్సిన పని ఉండేది కాదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. తాళం ఉండటం తప్పు కాదు. ఆ తాళం మనిషి చేతిలోని కాగితానికి కట్టారా, కాలిపోయే బోర్డుకి కట్టారా అన్నదే తేడా.

#5 స్పార్క్ రాజు

పాత టెర్మినల్ గారు భలే చెప్పారు. సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళు ఇదే చిక్కుని ఇంకో రకంగా విప్పారు, అది చెప్పాలి.

స్పార్క్‌స్టేషన్‌లో హోస్ట్ ఐడీ అని ఎనిమిది హెక్స్ అంకెలు (0 నుంచి 9, ఎ నుంచి ఎఫ్) వచ్చేవి. మొదటి రెండూ మెషీన్ రకం, మిగతా ఆరూ ఆ మెషీన్ సొంత నంబరు. అల్ట్రా మెషీన్లవి 80తో మొదలయ్యేవి. ఈథర్‌నెట్ అడ్రస్ 08:00:20తో మొదలయ్యేది. ఈ రెండూ ఉండేది ప్రాసెసర్‌లో కాదు, బోర్డు మీద అతికించి కూడా కాదు. ఎన్‌వీర్యామ్ అనే నల్లటి చిప్పు ఒకటి, కాస్త ఎత్తుగా, లోపలే లిథియం బ్యాటరీ పెట్టి మూసేసినది, సాకెట్‌లో గుచ్చి ఉండేది. దాని నెత్తిన బార్‌కోడ్ స్టిక్కర్. బోర్డు పాడైతే సర్వీస్ ఇంజనీరు కొత్త బోర్డు తెచ్చి, పాత బోర్డు నుంచి ఆ చిప్పు మెల్లగా పైకి లాగి, కాళ్ళు వంగకుండా కొత్త దాంట్లో గుచ్చేవాడు. ఆన్ చేస్తే హోస్ట్ ఐడీ పాతదే. లైసెన్సులన్నీ యథాతథం. ఎవరికీ మెయిల్ పెట్టక్కర్లేదు, ఎవరి దయా అక్కర్లేదు. తర్వాత సన్ ఫైర్ వి210, వి240 లాంటి వాటిలో ఇదే పనికి సిమ్ కార్డులాంటి సిస్టమ్ కాన్ఫిగరేషన్ కార్డు పెట్టారు. మెషీన్ తయారు చేసేవాడే ‘బోర్డు పోతుంది, లైసెన్సు పోకూడదు’ అని ముందే అనుకున్నాడన్నమాట. ఆ ఆలోచన అంటే నాకు గౌరవం.

దీనికీ ఒక జబ్బుండేది. ఆ బ్యాటరీ పదేళ్ళకో పన్నెండేళ్ళకో అయిపోతుంది. అప్పుడు ఆన్ చేయగానే ఐడీప్రోమ్‌లో (ఆ చిప్పులో ఈ నంబర్లు దాచే చోటు) ఉన్నది చెల్లదని చెప్పి, ఈథర్‌నెట్ అడ్రస్ అంతా ఎఫ్‌లే చూపిస్తుంది. పాత స్పార్క్ మెషీన్లు ఇంట్లో పెట్టుకున్న వాళ్ళు ఇప్పటికీ ఆ చిప్పు పైభాగాన్ని జాగ్రత్తగా రంపంతో కోసి, బయట కాయిన్ సెల్ సోల్డర్ చేసి, బూట్ ప్రాంప్ట్ దగ్గర పాత నంబర్లు మళ్ళీ ఎక్కిస్తారు. స్టిక్కర్ మీది నంబరు ముందే రాసి పెట్టుకున్నవాడికే అది సాధ్యం.

#6 కొండాపూర్ క్యాడ్

హోస్ట్ ఐడీ మాట వచ్చింది కాబట్టి లినక్స్ సంగతి కూడా. సన్ నుంచి పీసీ మీద లినక్స్‌కి మారినప్పుడు ఆ చిప్పు లేదు, మరి హోస్ట్ ఐడీ ఎక్కడిది? ఆ కమాండ్ లినక్స్‌లోనూ ఉంది, కొట్టి చూడండి. విడిగా ఫైల్లో రాసిపెట్టకపోతే అది మెషీన్ ఐపీ అడ్రస్‌నే అటూ ఇటూ తిప్పి ఇచ్చేస్తుంది. డెబియన్, ఉబుంటుల్లో సొంత పేరుకి 127.0.1.1 అని హోస్ట్స్ ఫైల్లో రాసుంటుంది కదా, అందుకని లక్షల మెషీన్లలో ఒకే జవాబు, 007ఎఫ్0101. దాన్ని నమ్ముకుని లైసెన్సు ఇస్తే ఊరంతటికీ ఇచ్చినట్టే. హెచ్‌పీ యూఎక్స్, ఏఐఎక్స్ వాళ్ళకి మెషీన్ నంబరు చెప్పే సొంత దారులున్నాయి, సాదా పీసీకి అలాంటిది లేదు. అందుకే అందరూ మ్యాక్ అడ్రస్ మీద పడ్డారు.

ఆ మ్యాక్‌తోనూ తిప్పలే. లైసెన్సు మేనేజర్ల పాత వెర్షన్లు ఈటీహెచ్0 అనే పేరున్న కార్డునే వెతికేవి. రెడ్‌హ్యాట్ 7 తరం నుంచి కార్డుల పేర్లు మారిపోయాయి, ఈఎన్‌పీ3ఎస్0 లాంటివి. దాంతో హోస్ట్ ఐడీ అడిగితే ఖాళీగానో సున్నాలుగానో వచ్చేది. మెషీన్ మారలేదు, కార్డు మారలేదు, ఓఎస్ అప్‌గ్రేడ్ చేసిన పాపానికి లైసెన్సు పోయింది. బూట్ లైన్లో పాత పేర్లే ఇమ్మని చెప్పో, లైసెన్సు మేనేజర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చో బయటపడేవాళ్ళం.

#7 ప్రొద్దుటూరు కోడర్

ఇక్కడ అమ్మేవాడి పక్షాన మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నేను మాట్లాడతాను. నాది చిన్న సంస్థ, ఆస్పత్రులకీ డయాగ్నొస్టిక్ సెంటర్లకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తాం, సర్వర్ వైపు లినక్సే. మొదట్లో తాళం పెట్టలేదు. ఒక సెంటర్‌కి ఇచ్చింది వాళ్ళ బంధువుల సెంటర్‌లో, అక్కడి నుంచి ఇంకో ఊళ్ళో కనబడింది. అక్కడి వాళ్ళు నాకే ఫోన్ చేసి సపోర్టు అడిగారు, అలా తెలిసింది. నెల జీతాలు ఇవ్వాల్సినవాడికి అది ఎంత మంటగా ఉంటుందో చెప్పలేను.

తర్వాత లైసెన్సు ఫైలు పెట్టాం. అందులో కస్టమర్ పేరు, హోస్ట్ ఐడీ, ఎంతమంది యూజర్లు, గడువు. దాన్ని మా దగ్గరున్న ప్రైవేట్ కీతో సంతకం చేస్తాం, సాఫ్ట్‌వేర్‌లో పబ్లిక్ కీ ఉంటుంది. ఇలా చేస్తే దొంగ లైసెన్సు ఎవడూ తయారు చేయలేడు. కానీ ప్రోగ్రాంలో ఆ చెకింగ్ ఉన్న చోటే తీసేసేవాణ్ని ఏ లెక్కా ఆపదు, బైనరీ వాడి చేతిలో ఉంది, డీబగ్గర్ ఉంది. ఇది తెలిసే చేస్తున్నాం. మా తాళం దొంగ కోసం కాదు, ‘ఒక కాపీ ఇవ్వవా’ అని అడిగే పక్కింటాయనకి ‘కుదరదండీ’ అని చెప్పగలిగే వీలు మా కస్టమర్‌కి ఇవ్వడం కోసం.

కాబట్టి మేం రెండు పనులు చేశాం. మెషీన్ మారితే సాఫ్ట్‌వేర్ వెంటనే ఆగదు, పైన ఎర్ర పట్టీ చూపిస్తూ కొన్నాళ్ళు నడుస్తుంది, రాత్రి పూట ల్యాబులో పేషెంటు ఉండగా సర్వర్ పోతే బిల్లు ఆగకూడదు. రెండోది, రీహోస్ట్‌కి డబ్బు తీసుకోం, ఏఎంసీ ఉన్నా లేకపోయినా. ఏఎంసీ అంటే కొత్త వెర్షన్లకీ ఫోన్లకీ కట్టేది. పాతది పాతగా నడవడానికి కట్టేది కాదు. మాస్టారూ, మీ డీలర్ చేస్తున్నది నా దృష్టిలో ధర్మం కాదు.

#8 రూట్ బాబాయ్

> మా తాళం దొంగ కోసం కాదు

కోడర్ గారూ, మీరు మంచివాళ్ళు కాబట్టి అలా పెట్టుకున్నారు. కానీ అందరూ మీలా ఉండరు, అదే నా బాధ. దొంగ కాపీ వాడేవాడికి ఏ ఎర్రరూ రాదు, వాడి దాంట్లో చెకింగే లేదు. డబ్బు కట్టినవాడు మాత్రం బోర్డు పోయిన రోజు చేతులు కట్టుకుని నిలబడాలి. మాస్టారి ల్యాబులో పిల్లలు పరీక్ష రాయాలి. అందుకే మ్యాక్ మార్చమన్నాను.

#9 బెంచ్ క్లర్క్

నేను ఐటీ కాంట్రాక్టులు చూసే న్యాయవాదిని. ఇది మీకిచ్చే లీగల్ ఒపీనియన్ కాదు, చట్టంలో ఉన్నది చెబుతున్నాను.

కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 52(1)(ఎఎ): కంప్యూటర్ ప్రోగ్రాంని చట్టబద్ధంగా కలిగి ఉన్నవాడు దాన్ని ఏ పనికి తీసుకున్నాడో ఆ పనికి వాడుకోవడానికీ, పోతుందన్న భయానికి బ్యాకప్ పెట్టుకోవడానికీ కాపీ చేసుకోవచ్చు. ఇది మాస్టారికి కలిసొచ్చేది. 2012 సవరణలో సెక్షన్ 65ఎ చేర్చారు: కాపీరైట్ హక్కుల్ని కాపాడటానికి పెట్టిన సాంకేతిక రక్షణని, ఆ హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో దాటితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. ఇందులో ‘ఉద్దేశంతో’ అన్న మాట చాలా ముఖ్యం, మన పార్లమెంటు దాన్ని కావాలనే పెట్టింది. దొంగ కాపీ అని తెలిసే కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి, కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా.

మాస్టారు అసలు లైసెన్సు కొన్నారు, ఒకే మెషీన్, పాతది చచ్చిపోయింది. 65ఎ కింద నేరం నిరూపించడం తేలిక కాదని నా అభిప్రాయం. కానీ అక్కడితో అయిపోలేదు, లైసెన్సు ఒప్పందం వేరే. ‘ఫలానా హోస్ట్ మీద మాత్రమే, రాతపూర్వక అనుమతి లేకుండా మార్చరాదు, హోస్ట్ ఐడీ మార్చి చూపరాదు’ అని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. మ్యాక్ మార్చి నడిపితే కాంట్రాక్టు ఉల్లంఘన అవుతుంది, లైసెన్సు రద్దు చేసే హక్కు వాళ్ళకి వస్తుంది. అంటే ఇవాళ న్యాయం మీ వైపు ఉంది, ఆ ఒక్క కమాండ్ కొట్టాక పేపర్ మీద వాళ్ళ వైపు వెళ్తుంది. రూట్ బాబాయ్ గారి ఆవేదన నిజమే, సలహా మాత్రం ప్రమాదం. ఒప్పందం తీసి చదవండి మాస్టారూ, హార్డ్‌వేర్ ఫెయిల్యూర్ గురించి ఒక క్లాజు ఉండి తీరుతుందని అనను, చాలావాటిలో ఉంటుంది.

#10 ల్యాబ్ మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. మ్యాక్ మార్చలేదు. బోర్డు మీది పోర్టుకే లైసెన్సు ఇచ్చారు, కాబట్టి కార్డు దారి లేదు. కొండాపూర్ గారు చెప్పినట్టు కంపెనీకే నేరుగా మెయిల్ పెట్టాను, బెంచ్ క్లర్క్ గారు చెప్పిన క్లాజు మా ఒప్పందంలో నిజంగానే ఉంది, దాన్ని పేజీ నంబరుతో సహా ఉటంకించాను. డీలర్ ఊసు లేకుండా తాత్కాలిక కీ పంపారు, పాత మెషీన్ పాడైందన్న ఉత్తరం మీద ప్రిన్సిపాల్ సంతకం అందాక అసలుది ఇస్తామన్నారు.

సంబరం ఎక్కువసేపు నిలవలేదు. ఈ సందులో కొత్త మెషీన్‌లో కొత్త లినక్స్ వేశాం. లైసెన్సు మేనేజర్ నడపబోతే ‘అలాంటి ఫైలు లేదు’ అంటోంది. ఫైలు కళ్ళ ముందే ఉంది, పర్మిషన్లు సరిగ్గానే ఉన్నాయి. టెన్షన్‌తో తల తిరిగిపోతోంది.

#11 ఆస్టిన్ ఆంధ్ర

మాస్టారూ, కంగారు పడకండి, ఇది మా దగ్గర కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ అడిగేదే. నేను టెక్సస్‌లో చిప్ డిజైన్ కంపెనీలో లైసెన్సు సర్వర్లు చూస్తాను.

లేదంటున్నది మీ ఫైలుని కాదు, దాన్ని లోడ్ చేయాల్సిన ఇంటర్‌ప్రెటర్‌ని, అంటే లోడర్‌ని. ఆ లైసెన్సు మేనేజరుని లినక్స్ స్టాండర్డ్ బేస్ (ఎల్‌ఎస్‌బీ, వేర్వేరు లినక్స్‌లకి ఉమ్మడి ప్రమాణం) పద్ధతిలో కట్టారు, అది మామూలు లోడర్‌ని కాకుండా ఎల్‌ఎస్‌బీ పేరుతో ఉండే లోడర్‌ని అడుగుతుంది. కొత్త ఇన్‌స్టలేషన్లలో అది ఉండదు. మీ డిస్ట్రిబ్యూషన్‌లో ఎల్‌ఎస్‌బీ ప్యాకేజీ ఉంటే వేసుకోండి, లేకపోతే లిబ్64 డైరెక్టరీలో మామూలు లోడర్‌కి ఆ పేరుతో ఒక సిమ్‌లింక్ (అసలు ఫైలుకి దారి చూపే మారుపేరు) పెట్టండి. రీడ్‌ఎల్ఫ్ కమాండ్‌తో చూస్తే ఏ పేరు అడుగుతోందో కనబడుతుంది.

అది లేచాక స్టూడెంట్ సిస్టమ్‌ల నుంచి -15 (సర్వర్‌కి కనెక్ట్ కాలేదు) వస్తే ఫైర్‌వాల్ అనుకోండి. మెయిన్ మేనేజరు పోర్టు చెప్పకపోతే 27000 నుంచి 27009 లోపు ఏదో ఒకటి తీసుకుంటుంది, దాన్ని అందరూ తెరుస్తారు. వెండర్ డీమన్ మాత్రం ప్రతిసారీ తనకి తోచిన పోర్టు తీసుకుంటుంది, దాన్ని మర్చిపోతారు. ఫైల్లో వెండర్ లైన్ చివర దానికీ ఒక పోర్టు నంబరు కట్టి, ఫైర్‌వాల్‌లో రెండూ తెరవండి.

ఇంకొకటి, గడియారం. మెషీన్ సీమాస్ బ్యాటరీ అయిపోయి తేదీ ముందుకో వెనక్కో పోయి ఉంటే సరిచేశాకే లైసెన్సు మేనేజర్ని లేపండి. గడువు దాటకుండా తేదీ వెనక్కి తిప్పేవాళ్ళని పట్టుకోవడానికి అది సిస్టమ్ డైరెక్టరీల్లో రేపటి తేదీతో ఫైళ్ళున్నాయేమో వెతుకుతుంది. తప్పుడు తేదీతో ఒక్కసారి బూటయి ఏ ఫైలో రాసేసి ఉంటే, తర్వాత తేదీ సరిచేసినా -88 (గడియారం వెనక్కి తిప్పారన్న ఎర్రర్) వస్తూనే ఉంటుంది. ఆ ఫైళ్ళని వెతికి టచ్ కమాండ్‌తో తేదీ సరిచేస్తే పోతుంది.

పైన ఎవరో తాళం మనిషికా బోర్డుకా అన్నారు. 1988లో ఫ్లెక్స్‌ఎల్‌ఎం అనే ఈ లైసెన్సు మేనేజరు మొదలైనప్పుడు అందులో పెద్ద ఆలోచన ఇదే: లైసెన్సు ప్రతి వర్క్‌స్టేషన్‌కీ కట్టకుండా, నెట్‌వర్క్‌లో ఒక చోట పెట్టి, ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు తీసుకుని పని కాగానే వదిలేయడం. యాభై మంది ఇంజనీర్లకి పది లైసెన్సులు కొంటే సరిపోయే రోజులొచ్చాయి. గ్లోబ్‌ట్రాటర్ అనే కంపెనీ దగ్గర్నుంచి 2000లో మాక్రోవిజన్‌కి, తర్వాత అక్రెస్సో, ఫ్లెక్సెరా అని చేతులూ పేర్లూ మారినా పునాది అదే. కొన్నవాడికి అది నిజంగా మేలు చేసింది. కానీ ఆ ఒక్క చోటే పోతే యాభై మందీ ఖాళీ. మేం మూడు సర్వర్ల పద్ధతి వాడతాం, మూడింటిలో రెండు లేచి ఉంటే చాలు. కాలేజీకి అంత అక్కర్లేదు, కానీ లైసెన్సు సర్వర్‌ని వర్చువల్ మెషీన్‌లో (వీఎం, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మెషీన్) పెట్టడానికి కంపెనీ ఒప్పుకుంటుందేమో అడగండి. అక్కడ మ్యాక్ అడ్రస్ వీఎం సెట్టింగుల్లో ఉంటుంది, కింది బోర్డు ఏదైనా మారొచ్చు. అమెజాన్ క్లౌడ్‌లో కూడా ఇంతే, మ్యాక్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌తో పాటు ఉంటుంది, దాన్ని ఒక మెషీన్ నుంచి తీసి ఇంకోదానికి తగిలించవచ్చు. స్పార్క్ రాజు గారు చెప్పిన సాకెట్ చిప్పు లాంటిదే ఇది.

#12 స్పార్క్ రాజు

అవునండీ. మూడు దశాబ్దాల క్రితం సాకెట్‌లో పెట్టి ఇచ్చిన సౌకర్యాన్ని ఇప్పుడు అడిగి అనుమతి తెచ్చుకుని పొందాలి.

#13 కరీంనగర్ కెర్నల్

అందరూ తాళం ఎలా ఉండాలనే మాట్లాడుతున్నారు, నాకు ఇంకో మాట చెప్పాలనుంది. యూనిక్స్‌కి మొదట్లో అసలు సీరియల్ నంబరే లేదు. 1956 నాటి కోర్టు ఒప్పందం వల్ల ఏటీ అండ్ టీ కంప్యూటర్ వ్యాపారం చేయకూడదు, అందుకని యూనివర్సిటీలకి సోర్సు టేపు నామమాత్రపు రుసుముకి ఇచ్చేవారు, సంతకం పెట్టిన కాగితమే తాళం. 1979లో ఏడో ఎడిషన్ వచ్చేసరికి ఆ కాగితంలో సోర్సుని క్లాసులో పాఠంగా చెప్పకూడదన్నారు. ఆ కట్టడి తట్టుకోలేకే ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రొఫెసర్ టానెన్‌బామ్ 1987లో మినిక్స్ రాసి విద్యార్థుల చేతిలో పెట్టారు. ఆ మినిక్స్ వాడుతూనే టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టాడు. 2003లో ఎస్‌సీఓ పేరు తీసుకున్న కంపెనీ లినక్స్ వాడేవాళ్ళని ఒక్కో ప్రాసెసర్‌కి 699 డాలర్లు కట్టమంది. 2010లో జ్యూరీ యూనిక్స్ కాపీరైట్లు ఆ కంపెనీకి చేరలేదు, నావెల్ అనే కంపెనీ దగ్గరే ఉన్నాయని తేల్చింది.

మాస్టారూ, ఎక్స్‌టర్నల్స్ అయ్యాక ఒక్క సెమిస్టర్ ఓపెన్ టూల్స్‌తో నడిపి చూడండి. సిమ్యులేషన్‌కి ఇకారస్ వెరిలాగ్, సర్క్యూట్లకి ఎన్‌జీస్పైస్, లేఅవుట్‌కి మ్యాజిక్, కేలేఅవుట్, ఆర్‌టీఎల్ (డిజైన్ కోడ్) నుంచి జీడీఎస్ (తయారీకి పంపే లేఅవుట్ ఫైలు) దాకా ఓపెన్‌రోడ్. 2020లో గూగుల్, స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ ప్రాసెస్ కిట్ (ఆ ఫ్యాక్టరీలో చిప్ చేయడానికి కావలసిన డిజైన్ ఫైళ్ళు) బయటపెట్టాయి, పిల్లలు దాన్ని ఇంట్లో ల్యాప్‌టాప్‌లో కూడా వేసుకోవచ్చు. హాస్టల్ గదిలో రాత్రి పూట ప్రయత్నించడానికి ఎవరి లైసెన్సూ ఖాళీ అవ్వాల్సిన పని లేదు.

#14 కొండాపూర్ క్యాడ్

కరీంనగర్ గారి మాటకి నేను సగం ఒప్పుకుంటాను. బేసిక్స్ నేర్పడానికి ఆ టూల్స్ నిజంగా బాగున్నాయి. కానీ ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లల్ని మా కంపెనీల్లో అడిగేది ఇప్పటికీ కమర్షియల్ టూల్స్ గురించే, అది మాస్టారికీ తెలుసు. రెండూ ఉండాలి. కేంద్రం చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమంలో చేరిన కాలేజీలకి ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ బెంగళూరు సీడాక్‌లోని చిప్‌ఇన్ సెంటర్ ద్వారా టూల్స్ అందుతున్నాయి. అక్కడైతే లైసెన్సు సర్వర్ మీ ఊరి కరెంటు మీద ఆధారపడదు.

#15 కాకినాడ కేబుల్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా దగ్గర యూఎస్‌బీ డాంగిల్‌తో (లైసెన్సు తాళంగా పోర్టులో గుచ్చే చిన్న పరికరం) నడిచే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది, హాస్ప్ డాంగిల్. సర్వర్‌ని వర్చువల్ మెషీన్‌గా మార్చాలనుకుంటున్నాం. డాంగిల్ దానికి కనబడుతుందా? ఇది డాంగిల్ కాబట్టి మదర్‌బోర్డు బాధ లేదని సంతోషించాం.

#16 ఆస్టిన్ ఆంధ్ర

యూఎస్‌బీ పాస్‌త్రూ (అసలు మెషీన్ పోర్టుని వీఎంకి అప్పగించడం) ఇస్తే కనబడుతుంది, కానీ ఆ వీఎం ఇంకో హోస్ట్‌కి మారితే డాంగిల్ వెనకాలే రాదు. నెట్‌వర్క్ డాంగిల్ అయితే దాన్ని ఒక చిన్న పాత పీసీకి తగిలించి వదిలేయండి, లినక్స్‌లో ఏకేఎస్‌యూఎస్‌బీడీ అనే డీమన్ వేస్తే చాలు. బ్రౌజర్‌లో ఆ మెషీన్ 1947 పోర్టు తెరిస్తే ఏ కీ గుచ్చి ఉంది, ఎవరు వాడుతున్నారు అన్నీ కనబడతాయి. ఆ పోర్టు మీ లాన్ దాటి బయటికి తెరవకండి. డాంగిల్‌కి బోర్డు బాధ లేని మాట నిజమే, కానీ పారేసుకుంటే కొత్త లైసెన్సు ధర అడిగే కంపెనీలు ఉన్నాయి. పీసీ లోపలే మదర్‌బోర్డు హెడర్‌కి తగిలించి కేసుకి తాళం వేయండి.

#17 ల్యాబ్ మాస్టారు

ఎల్‌ఎస్‌బీ ప్యాకేజీ వేశాను, రెండు పోర్టులూ కట్టి తెరిచాను, ల్యాబంతా నడుస్తోంది. శాశ్వత కీ కూడా వచ్చింది. ఆస్టిన్ గారూ, కొండాపూర్ గారూ, బెంచ్ క్లర్క్ గారూ, మీకు మా పిల్లల తరఫున నమస్కారాలు. పాత టెర్మినల్ గారు చెప్పినట్టు లైసెన్సు ఫైలు, హోస్ట్ ఐడీ, ఇన్‌వాయిస్ నంబరు, కంపెనీ మెయిల్ అన్నీ ఒకే కాగితం మీద అచ్చు తీసి సర్వర్ ర్యాక్ తలుపు లోపల అతికించాను.

వచ్చే ఏడాది కొత్త టూల్‌కి కొటేషన్లు పిలుస్తున్నాం. టెండర్ షరతుల్లో ఈ వాక్యం పెట్టాలనుకుంటున్నాను, చూసి చెప్పండి: "సర్వర్ హార్డ్‌వేర్ పాడైన సందర్భంలో, ఏఎంసీ అమల్లో ఉన్నా లేకపోయినా, డీలర్ ద్వారా రాతపూర్వకంగా కోరిన తర్వాత త్వరితగతిన, అదనపు రుసుము లేకుండా, కొత్త హోస్ట్ ఐడీకి లైసెన్సు మార్చి ఇవ్వాలి."

#18 బెంచ్ క్లర్క్

బాగుంది, కొన్ని మార్పులు. ‘డీలర్ ద్వారా’ తీసేయండి, ‘కొనుగోలుదారు నేరుగా కంపెనీకి’ అని పెట్టండి, రేపు డీలర్ మారినా మూతపడినా మీ హక్కు నిలవాలి. ‘త్వరితగతిన’ అన్నదానికి అర్థం లేదు, ‘రెండు పనిదినాల్లో, ఈలోగా తాత్కాలిక కీ అదే రోజు’ అని రాయండి. ‘హార్డ్‌వేర్ పాడైన’ పక్కన ‘లేదా మార్చిన, లేదా వర్చువల్ మెషీన్‌కి తరలించిన’ అని చేర్చండి, లేకపోతే సర్వర్ కాలిపోయేదాకా ఆగాలి. ఇక కంపెనీయే మూతపడినా, ఆ ఉత్పత్తి ఆపేసినా, హోస్ట్ ఐడీతో పని లేని లైసెన్సు ఒకటి ఇచ్చి వెళ్ళాలని వేరే క్లాజుగా పెట్టండి. ఒప్పుకోరేమో, అయినా అడగండి, టెండర్ దశలో అడిగితేనే మాట చెల్లుతుంది. సంతకం అయ్యాక అడిగితే పాత డీలర్ కథే మళ్ళీ.